ఒక్కదాన్నే, తిండి కోసమే విదేశం... డబ్బు తక్కువ. మూడు ఊళ్లా, ఒక్క ఊరా?

పళ్లెం_పట్టుకుని (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మొదటిసారి దేశం దాటి వెళ్లబోతున్నాను, అదీ ఒక్కదాన్నే. గుళ్లు, మ్యూజియాలు, షాపింగ్ నాకు పెద్దగా అక్కర్లేదు. తినడానికి వెళ్తున్నాను, అంతే. ఈ మాట చెబితే ఇంట్లో అందరూ నవ్వారు. ఇక్కడైనా నవ్వరని ఆశ.

ప్రస్తుతానికి ప్లాన్ ఇదీ. సింగపూర్‌లో దిగి, అక్కణ్ణుంచి మలేషియాలోని పెనాంగ్, తర్వాత బ్యాంకాక్, అటు నుంచి అటే వెనక్కి. మొత్తం వారం, మహా అయితే ఇంకో రోజు. వీడియోలు చూసి చూసి ఫోన్ మ్యాప్‌లో ఎన్ని గుర్తులు పెట్టుకున్నానంటే, బ్యాంకాక్ తెరిస్తే ఊరు కనపడదు, గుర్తులే కనపడతాయి.

డబ్బు దగ్గరే టెన్షన్. టికెట్లు, పడక పోను చేతిలో మిగిలేది తక్కువ. డార్మ్‌లో (నలుగురితో పంచుకునే గది) పడుకోవడానికి నాకు ఇబ్బంది లేదు, ఎంత దూరమైనా నడుస్తాను. తిండి దగ్గర మాత్రం పీనాసితనం చేయాలని లేదు, దానికే కదా వెళ్లేది!

మూడు ఊళ్లు ఎక్కువైపోతాయా? మిషెలిన్ గైడ్‌లో (హోటళ్లకి స్టార్లు ఇచ్చే పుస్తకం) పేరు వచ్చిన బండ్ల దగ్గర క్యూలో నిలబడటం దండగా? ఒక్కదాన్నే కూర్చుని తింటే వింతగా చూస్తారా? ఇంకో సంగతి, నేను చేపలు, రొయ్యలు, కోడి తింటాను. పంది మాంసం తినను. దానివల్ల చాలా వదులుకోవాల్సి వస్తుందా?

కోపీటియం_బల్ల

మూడింట్లో రెండు కొట్టేయండి.

కొన్నాళ్లు పెనాంగ్‌లో ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నాను, ఆ మేరకు తగ్గించి చదువుకోండి. కానీ మీరు ఏ ఊరు ఎంచుకున్నా ముందు డబ్బు లెక్క పక్కన పెట్టి కడుపు లెక్క వేయండి. తిండి ట్రిప్‌లో మొదట అయిపోయేది ఆకలి, ఆ తర్వాతే డబ్బు. ఎంత తిండిపోతులైనా రోజుకి నాలుగైదు చిన్న ప్లేట్లు, మధ్యలో ఏదో తీపి, అంతే. ఎండకి అది కూడా తగ్గుతుంది. అంటే వారానికి ముప్పై ప్లేట్లు దాటవు. ఆ ముప్పై ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే మీ అసలు బడ్జెట్.

ఊరు మారిన ప్రతిసారీ ఏం జరుగుతుందో చూడండి. పొద్దున్నే గది ఖాళీ చేయాలి. లగేజీతో ఏ మార్కెట్‌లోనూ నిలబడి తినలేరు. ఎయిర్‌పోర్టుకి రెండు మూడు గంటలు ముందు వెళ్లాలి. అక్కడ ఊళ్లో రెండు పూటలకి సరిపోయే డబ్బు పెట్టి ఓ చల్లటి శాండ్‌విచ్ తింటారు. దిగాక బస్సు, చెక్ ఇన్, స్నానం. సాయంత్రం బయటపడేసరికి నీరసం. మీ ప్లాన్‌లో ఇలాంటి రోజులు రెండున్నాయి, వచ్చే రోజు, పోయే రోజు కాకుండా. టికెట్ డబ్బులు సరే, ఆ రెండు రోజుల ప్లేట్లు ఎవరిస్తారు?

సింగపూర్ తిండి ఖరీదని అనను. అక్కడి హాకర్ సెంటర్లలో (తిండి స్టాల్స్ అన్నీ ఒక్క చోట ఉండే ప్రాంగణాలు) భోజనం ఊరి ఖర్చుతో పోలిస్తే చౌకే. ఆ హాకర్ సంస్కృతిని 2020లో యునెస్కో తన జాబితాలో కూడా చేర్చింది. కానీ రాత్రి ఎక్కడ పడుకుంటారు? డార్మ్ పడకకి ఇచ్చే డబ్బుతో రోజంతా తినొచ్చు. చేతిలో తక్కువ ఉన్నవాళ్లకి ఆ ఊరు ఇంకోసారి.

పెనాంగ్ ఎందుకంటే, అక్కడ ఊరు ఊరంతా గొప్పగా చెప్పుకునే వంటలే బండి మీద దొరుకుతాయి. పెద్ద హోటల్‌కి వెళ్తే ఇంకా బాగుంటుందేమో అన్న అనుమానం అక్కర్లేదు, ఉండదు. ఒక్కో స్టాల్‌లో ఒక్కటే వంటకం, దాన్నే ఏళ్ల తరబడి చేస్తుంటారు. ప్లేటు చిన్నది, ఒక మనిషికి సరిగ్గా సరిపోతుంది. మామూలు ప్లేట్లు చాలావరకు 10 రింగిట్లకి (మలేషియా కరెన్సీ) అటూ ఇటూ. ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? హాట్‌పాట్‌లు, బల్ల నిండా పరిచే విందులు, పెద్ద చేపని నిలువునా ఆవిరి పట్టి తెచ్చే చోట్లు, ఇవన్నీ నలుగురు ఉంటేనే. ఒక్కరే వెళ్తే డబ్బు దండగ, తిండి కూడా దండగ.

పంది మాంసం సంగతి. చూడ్డానికి పంది ముక్క కనపడని ప్లేట్లలో కూడా ఉంటుంది, అదే చిక్కు. చార్ క్వే టియో (వెడల్పాటి బియ్యపు నూడుల్స్, రొయ్యలు, గుల్లలు, గుడ్డు, పెద్ద మంట మీద వేపుడు) సంప్రదాయంగా పంది కొవ్వుతోనే చేస్తారు. పెనాంగ్ ‘హొక్కియెన్ మీ’ (‘మీ’ అంటే నూడుల్స్) రొయ్యల సూపే, కానీ అందులో పంది ఎముకలు కూడా మరుగుతాయి. ‘కర్రీ మీ’లో గడ్డకట్టించిన పంది రక్తం ముక్కలు వేస్తారు. ఈ మూడూ చైనీస్ స్టాల్స్‌లో మీకు లేనట్టే. చార్ క్వే టియో మాత్రం హలాల్‌గా చేసే స్టాల్స్ ఉన్నాయి, వెతుక్కోండి. ‘తక్ మావు బాబీ’ అంటే పంది వద్దని అర్థం. ఆ మాట చైనీస్‌లో కూడా ఫోన్‌లో రాయించి పెట్టుకుని ఆర్డర్‌కి ముందే చూపించండి, వండాక కాదు.

మిగిలేది తక్కువేం కాదు. అసాం లక్సా ఉంది, నా లెక్కలో ఆ ఊరికి వెళ్లడానికి అదొక్కటే చాలు. చింతపండు పులుపుతో చేపల పులుసు, అందులో లావాటి బియ్యపు నూడుల్స్, పైన పుదీనా, అనాస ముక్కలు, టార్చ్ జింజర్ మొగ్గ తరుగు, చివర్లో గరిటెడు నల్లటి రొయ్యల పేస్టు. ఆ పేస్టు వాసనకి మొదటి చెంచా దగ్గర చాలామంది ఆగిపోతారు. మీరు మాత్రం కలిపేసి రెండో చెంచా తినండి. పెనాంగ్ దీవిలో ముఖ్య పట్టణమైన జార్జ్‌టౌన్‌లోని కొమ్తార్ టవర్ దగ్గర బస్సెక్కి ఎయిర్ ఇటామ్ మార్కెట్ దగ్గర దిగితే ఈ లక్సాకి పేరున్న చోటు. కెక్ లోక్ సి గుడి కూడా ఆ పక్కనే. గుళ్లు అక్కర్లేదన్నారు కానీ కాస్త మెట్లెక్కితే మళ్లీ ఆకలేస్తుంది.

నాసి కందార్ అంటే అన్నం మీద రకరకాల కూరల పులుసులు కలిపి పోసి ఇచ్చేది. తమిళ ముస్లింలు కావడి మీద మోసుకుంటూ అమ్మిన తిండి అది. ఆ దుకాణాల్లో పంది భయం లేదు. హమీదియా అనే దుకాణం 1907 నుంచి ఉంది. ఇక్కడొక్కటే జాగ్రత్త: కౌంటర్ దగ్గర చూపించిందల్లా పళ్లెంలో పడుతుంది, ధర చివర్లో చెబుతారు. పెద్ద రొయ్య, చేప గుడ్ల దగ్గర బిల్లు ఒక్కసారిగా ఎగురుతుంది. వడ్డించే ముందే ‘ఇదెంత’ అని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. కోడి, బెండకాయ, పులుసులు నాలుగు కలిపి పోయించుకుంటే కడుపూ నిండుతుంది, జేబూ బతుకుతుంది.

ఒంటరిగా కూర్చోవడం గురించి: కోపీటియంలో (అంటే పాతకాలం కాఫీ దుకాణం) మిమ్మల్ని చూసే తీరిక ఎవరికీ లేదు. ఖాళీ కుర్చీ ఉంటే చేత్తో చూపించి కూర్చోవడమే, ముక్కూ మొహం తెలియనివాళ్లతో బల్ల పంచుకోవడం మామూలు. లోపల స్టాల్స్ ఒక్కొక్కటీ ఒక్కొక్కరివి, కాఫీ, టీ, జ్యూస్‌లు మాత్రం దుకాణం యజమానివి. స్టాల్ దగ్గరికి వెళ్లి ఆర్డర్ చెప్పి, బల్ల నంబరు చెప్పి వచ్చి కూర్చుంటే ప్లేటు వస్తుంది, వచ్చాక డబ్బిస్తారు. ఈలోపు డ్రింక్స్ మనిషి వస్తాడు. ఏదో ఒకటి తీసుకోండి. కొన్ని చోట్ల ఏమీ తాగకపోతే కొంచెం డబ్బు వేస్తారు. పక్కా నగదు వ్యవహారం చాలా చోట్ల, చిన్న నోట్లు ఉంచుకోండి.

వీడియోల్లో చెప్పనిది వేళలు. ఒకే కోపీటియంలో పొద్దున ఉన్న స్టాల్స్ వేరు, రాత్రి ఉన్నవి వేరు. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి ‘ఈ ఊళ్లో ఏమీ లేదు’ అనేవాళ్లని చాలామందిని చూశాను. చూలియా స్ట్రీట్, కింబర్లీ స్ట్రీట్, న్యూ లేన్ బండ్లన్నీ చీకటి పడ్డాకే. పైగా ఒక్కో స్టాల్‌కి వారంలో ఒక్కో రోజు సెలవు. అందుకే మీ మ్యాప్ గుర్తుల పక్కన పేరుకంటే ముందు ఏ వేళ, ఏ రోజు సెలవు అన్నది రాసుకోండి. సగం గుర్తులు వాటంతటవే రాలిపోతాయి.

చైనీస్ కొత్త సంవత్సరం వారంలో మాత్రం టికెట్ ఊరికే ఇచ్చినా పోవద్దు, చాలా స్టాల్స్ రోజుల తరబడి మూతే. రంజాన్ నెలలో చాలా ముస్లిం దుకాణాలు పగలు మూసి ఉంటాయి, దానికి బదులు సాయంత్రం బజార్లు పెడతారు. అవి చూడాల్సినవి, తినాల్సినవి కూడా.

మిషెలిన్ గురించి ఒక్క ముక్క. పెనాంగ్‌కి ఆ గైడ్ వచ్చింది 2022 చివర్లో. అంతకుముందు కూడా ఆ ఊరు బాగానే తిన్నది. బిబ్ గూర్మాన్ అని వాళ్లదే ఇంకో జాబితా ఉంటుంది, తక్కువ ధరకి మంచి తిండి పెట్టే చోట్లు. అది తిరగేయండి. క్యూ అరగంట దాటితే పక్క బండికి వెళ్లిపోండి. బ్యాంకాక్‌లో 2018 గైడ్‌లో స్టార్ తెచ్చుకున్న జే ఫై బండి గురించి మీ మ్యాప్‌లో తప్పకుండా గుర్తు ఉండే ఉంటుంది. ఆ పీతల ఆమ్లెట్ 1000 బాట్లకి పైమాటే. అది బండి తిండే కానీ బండి ధర కాదు.

పొగమంచు_కాఫీ

పైన చెప్పినదాంట్లో ఒక్క ఊరు అన్న మాటకి నా ఓటు. కానీ ఆ ఊరు పెనాంగే ఎందుకవ్వాలి? వియత్నాం రాజధాని హనోయ్ చూడండి. పాత బస్తీలో పొద్దున్న ఫో (బియ్యపు నూడుల్స్ సూపు), మధ్యాహ్నం ఇంకోటి, ఇలా వేళకో వంట. చిన్న ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చుంటే చాలు, మెనూ కూడా ఉండదు. నోయి బాయి ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి 86 నంబరు బస్సు ఉంది, టాక్సీ డబ్బులు మిగుల్తాయి.

మీకు ఫో గా దొరుకుతుంది, అంటే కోడి ఫో. బున్ రియు అని పీతలతో చేసే పుల్లటి నూడుల్స్ సూపు ఉంది, అందులో పంది ఏమైనా వేశారేమో అడిగి తీసుకోండి. చా కా అయితే పసుపు పట్టించిన చేప ముక్కల్ని సోయాకూరతో (డిల్ ఆకు) మీ బల్ల మీదే వేయిస్తారు. కొన్ని చోట్ల ఇద్దరికి తక్కువ ఆర్డర్ తీసుకోరు, ముందే అడగండి. ఇక గుడ్డు కాఫీ. 1946లో పాలు దొరక్క గుడ్డు సొన గిలకొట్టి పోశారట, అలా మొదలైంది. కఫే జాంగ్ దాని పుట్టిల్లు. కాఫీ అనుకోకండి, తీపి అనుకుని తాగండి.

టెట్ (వియత్నాం కొత్త సంవత్సరం) పండుగ రోజుల్లో మాత్రం ఇక్కడ కూడా ఊరు మూతే.

కోపీటియం_బల్ల

హనోయ్‌కి అడ్డు చెప్పను, చా కా కోసం నేనూ వెళ్తాను. కానీ అక్కడ మధ్యాహ్నం అందరూ తినే బున్ చా పంది మాంసమే. ఆవిడకి లంచ్ లేకుండా చేస్తారా?

పొగమంచు_కాఫీ

ఆ పాయింట్ మీదే. ఒప్పుకున్నా.

ఒంటి_బ్యాగు

మీలాగే ఒక్కదాన్నే తిరిగే మనిషిని. తిండి సంగతి వాళ్లు చూసుకుంటారు, నేను చుట్టూ ఉన్నవాటి గురించి చెబుతాను.

పడక ఎక్కడ తీసుకోవాలో తిండి వీధే చెప్పాలి. రాత్రి బండ్ల దగ్గరికి నడిచి వెళ్లి నడిచి వచ్చేయగలిగే దూరంలో డార్మ్ చూసుకోండి. ఊరి చివర చౌకగా దొరికిందని తీసుకుంటే రోజూ రాత్రి పదకొండింటికి కార్ బుక్ చేసుకుంటూ ఆ మిగులు మొత్తం పోగొడతారు. పైగా మధ్యాహ్నం ఎండలో గదికొచ్చి ఓ గంట పడుకుంటేనే సాయంత్రం మళ్లీ ఆకలి పుడుతుంది. ఇది చిన్న విషయంలా కనపడుతుంది కానీ, నా వరకు పడక ఉన్న చోటే సగం ట్రిప్. ఆడవాళ్ల డార్మ్ ఉందా, లాకర్ ఉందా, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, ఈ మూడూ బుక్ చేసేముందు చూడండి. బ్రేక్‌ఫాస్ట్ కలిపి ఇచ్చే గదికి ఎక్కువ డబ్బు పెట్టకండి. తినడానికే వెళ్తూ పొద్దున్నే హాస్టల్ బ్రెడ్డుతో కడుపు నింపుకోవడం ఏమిటి!

మలేషియాలో విదేశీయులకి గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం ట్యాక్స్ ఉంది. బుకింగ్ సైట్‌లో కనపడిన ధరలో అది కలిసి ఉండకపోవచ్చు, అక్కడికెళ్లాక కౌంటర్‌లో అడుగుతారు. అడిగితే మోసమనుకుని గొడవ పడకండి. అలాగే దేశంలోకి వెళ్లే ముందు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, చేరే తేదీకి మూడు రోజుల లోపు. అది ఉచితం. డబ్బు అడిగే సైట్ కనపడితే అది ప్రభుత్వానిది కాదు.

ఏటీఎం దగ్గరో కార్డు మెషిన్ దగ్గరో ‘మీ సొంత కరెన్సీలో కట్టమంటారా’ అని అడిగితే వద్దనండి. అక్కడి కరెన్సీలోనే కట్టండి. సొంత కరెన్సీ అని నొక్కితే వాళ్ల రేటు పడుతుంది, అది ఎప్పుడూ మనకి నష్టమే. విడివిడిగా కొంచెం కొంచెం తీస్తే ప్రతిసారీ చార్జీ, కాబట్టి ఒకేసారి కొంత ఎక్కువ తీసి రెండు చోట్ల పెట్టుకోండి.

చౌక విమానాల్లో క్యాబిన్ బ్యాగు చాలావాటిలో 7 కిలోలే. వెళ్లేటప్పుడు అయిదు కిలోలు దాటకుండా సర్దుకుంటే తిరిగి వచ్చేటప్పుడు మసాలా పొట్లాలకి చోటుంటుంది. రొయ్యల పేస్టు మాత్రం కొనేముందు వందసార్లు ఆలోచించండి, అది బ్యాగులో చిట్లితే బట్టలన్నీ పారేయాల్సిందే.

కడుపు పాడవుతుందేమోనని ముందే భయపడి వేడి బండ్లు మానేసి ఏసీ హోటళ్లకి వెళ్లడం తిరగేసిన జాగ్రత్త. కళ్ల ముందు మంట మీద నుంచి దింపింది, జనం ఎక్కువ తిరిగే చోట వండింది తినండి. గంటల తరబడి ట్రేల్లో గోరువెచ్చగా ఉన్నదాని దగ్గరే అనుమానం పెట్టుకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు వెంట ఉంచుకోండి. మొదటి రోజు ఉత్సాహంతో అన్నీ కారం, అన్నీ పులుపు తినేస్తే రెండో రోజు గదిలోనే. ట్రావెల్ ఇన్సూరెన్స్ మీద మిగిల్చుకోవాలని చూడకండి, ఒంటరిగా వెళ్లేవాళ్లకి అది టికెట్‌లో భాగమే.

పళ్లెం_పట్టుకుని

అందరికీ థాంక్స్ అండీ. కడుపు లెక్క చదివాక కాగితం తీసుకుని కూర్చున్నాను. నా పాత ప్లాన్‌లో వస్తున్న ప్లేట్లు చూస్తే ఏడుపొచ్చింది.

సరే, పెనాంగ్ ఒక్కటే. సింగపూర్, బ్యాంకాక్ తీసేశాను. అయితే టికెట్ కౌలాలంపూర్ వరకే చౌకగా కనపడుతోంది. అక్కణ్ణుంచి ఇంకో విమానం ఎక్కాలా, వేరే దారుందా? ఇంకొకటి. గైడ్‌తో నడిపించే ఫుడ్ టూర్లు కనపడుతున్నాయి, ఒక్క సాయంత్రానికి నా మూడు రోజుల తిండి డబ్బు అడుగుతున్నారు. మొదటిసారి కదా, తీసుకోమంటారా? జూన్ చివర్లో వెళ్దామని ఉంది, ఎండ గురించి భయం లేదు.

కోపీటియం_బల్ల

కౌలాలంపూర్ నుంచి బటర్‌వర్త్‌కి (పెనాంగ్ దీవికి ఎదురుగా, ఇవతలి ఒడ్డున ఉన్న ఊరు) ఈటీఎస్ అనే ఎలక్ట్రిక్ రైలు ఉంది, నాలుగు గంటలకి అటూ ఇటూ. బటర్‌వర్త్‌లో స్టేషన్ నుంచి ఫెర్రీ రేవుకి నడిచే వెళ్లొచ్చు. ఫెర్రీ దిగితే జార్జ్‌టౌన్. విమానమైతే ఎయిర్‌పోర్టు బయాన్ లెపాస్‌లో, ఊరికి చాలా దూరం, మళ్లీ బస్సెక్కాలి. ఎయిర్‌పోర్టుల్లో వెయిటింగ్ కలిపి చూస్తే రెండింటికీ టైములో పెద్ద తేడా లేదు. రైలు టికెట్లు సెలవు రోజుల్లో ముందే అయిపోతాయి, తేదీ ఖాయం కాగానే తీసేసుకోండి. కౌలాలంపూర్‌లో దిగేది పొద్దున పూట అయ్యేలా చూసుకోండి, రాత్రి దిగితే ఓ పడక ఖర్చు, ఓ పూట దండగ.

ఫుడ్ టూర్ వద్దు. దానికి బదులు మొదటి సాయంత్రం ఏమీ ప్లాన్ చేసుకోకుండా చూలియా స్ట్రీట్‌లో ఆ చివర నుంచి ఈ చివరకి తినకుండా నడవండి. ఎవరి దగ్గర స్థానికులు పార్సిల్ కట్టించుకుంటున్నారో చూడండి. టూరిస్టులు పార్సిల్ కట్టించుకోరు. రెండోసారి నడిచేటప్పుడు అక్కడ ఆగండి.

జూన్ చివరంటే దురియన్ (ఘాటు వాసన కొట్టే ముళ్ల పండు) కాలం. దీవికి అవతలి వైపు బాలిక్ పులావులో తోటలున్నాయి, కొమ్తార్ నుంచి బస్సు వెళ్తుంది. కాయ తూకానికి అమ్ముతారు, రకాన్ని బట్టి ధర. ఒక్కరే కాబట్టి చిన్న కాయ అడగండి, మొత్తం తినలేకపోతే అక్కడే వదిలేయండి. హాస్టల్‌కి తెచ్చారంటే గేటు దగ్గరే ఆపేస్తారు.

ఒంటి_బ్యాగు

టూర్ విషయంలో నేను కొంచెం వేరేగా అంటాను. డబ్బు కట్టేది వద్దు, సరే. కానీ మొదటి రాత్రి హాస్టల్ రిసెప్షన్‌లో ఉన్నవాళ్లని ‘మీరు డ్యూటీ అయ్యాక ఎక్కడ తింటారు’ అని అడగండి. ‘మంచి చోటు ఎక్కడ’ అని అడిగితే మ్యాప్ చేతికిస్తారు. ఇలా అడిగితే మాత్రం బండి పేరు, ఏ వైపు తిరగాలి, ఎన్నింటికి మూసేస్తారు అన్నీ చెబుతారు. డ్యూటీ దిగే టైమైతే ఎవరో ఒకరు వెంట వచ్చినా వస్తారు, అప్పుడు ఇద్దరికి తక్కువ ఇవ్వని వంటకాలు కూడా ఆర్డర్ చేసుకోవచ్చు.

పళ్లెం_పట్టుకుని

రైలు టికెట్ సైట్ తెరిచే ఉంది. లక్సాకి పొద్దున వెళ్లాలా, సాయంత్రమా?

కోపీటియం_బల్ల

మధ్యాహ్నానికి ముందు వెళ్లండి. లేటుగా వెళ్తే పులుసు అడుగంటి ఉంటుంది. శని, ఆదివారాలు వదిలేయండి, ఆ రెండు రోజులూ గుడికొచ్చే జనమంతా అక్కడే ఉంటారు. ఆ రోజు ఏ స్టాల్‌కి సెలవో మాత్రం ముందు రోజు రాత్రి చూసుకుని బయల్దేరండి.